37 అంటే ఆంధ్రప్రదేశా, లద్దాఖా? స్టేట్ కోడ్‌ల తికమక, మెటాడేటా రిజిస్ట్రీలు

గోదారిగట్టు · సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారమండీ. రాజమండ్రిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేస్తున్నాను. ఎరువులు, విత్తనాలు అమ్మే డీలర్లకి బిల్లింగ్ ప్రోగ్రాం మాది. ఒక క్లయింటు అమ్మకాల రిపోర్టు రాష్ట్రం, జిల్లా, మండలం వారీగా కావాలన్నారు.

డీలర్ల లిస్టులో జీఎస్టీ నంబరుంది. అందులో మొదటి రెండంకెలు స్టేట్ కోడ్ కదా, అవి తీసుకున్నాను. జిల్లాలు, మండలాలు, ఊళ్ల పేర్ల కోసం కేంద్ర పంచాయతీరాజ్ శాఖ వాళ్ల లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ, అదే ఎల్‌జీడీ, దింపుకున్నాను. అందులోనూ స్టేట్ కోడ్ రెండంకెలే. రెండు టేబుళ్లనీ ఆ కోడ్ మీద జాయిన్ చేశాను, అంటే కోడ్ ఒకటే ఉన్న వరసల్ని జత కలిపాను. ఎర్రర్ ఒక్కటీ రాలేదు.

రిపోర్టు తెరిస్తే కాకినాడ, అమలాపురం డీలర్లందరూ లద్దాఖ్ కింద ఉన్నారు. జీఎస్టీలో 37 ఆంధ్రప్రదేశ్. ఎల్‌జీడీలో 37 లద్దాఖ్. రెండూ ప్రభుత్వం ఇచ్చిన లిస్టులే. ఏది కరెక్టు? దేశమంతటికీ పనికొచ్చే అసలైన టేబుల్ ఒకటి ఎక్కడైనా ఉందా? శుక్రవారం రిపోర్టు ఇవ్వాలి.

కొత్తబ్యాచ్ · సోమవారం, రాత్రి 9:31

అన్నా, కోడ్ వదిలేసి పేరు మీద జాయిన్ చెయ్యొచ్చు కదా? "ఆంధ్రప్రదేశ్" రెండు లిస్టుల్లోనూ ఉంటుంది.

గోదారిగట్టు · సోమవారం, రాత్రి 9:44

రాష్ట్రం వరకూ నడుస్తుంది తమ్ముడూ, జిల్లా దగ్గర ఆగిపోతుంది. మా క్లయింటు పాత ఫైల్లో "నెల్లూరు" అని ఉంటే డైరెక్టరీలో "శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు". కడప 2010లో వైఎస్సార్ జిల్లా అయింది, డీలర్లు మాత్రం కడప అనే రాస్తారు. ఊళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. కొత్తపల్లి అన్న పేరుతో ఎన్ని ఊళ్లున్నాయో నేను లెక్కపెట్టలేకపోయాను.

పాతకాపు_డీబీ · సోమవారం, రాత్రి 10:20

గోదారిగట్టు గారూ, రెండూ కరెక్టే. తప్పు జాయిన్‌లో ఉంది. ఈ పొరపాటు నేను ముప్పై ఏళ్లలో కనీసం పది చోట్ల చూశాను, అందుకే కాస్త విడమర్చి చెబుతాను.

2011 జనగణనలో రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు కలిపి 35. జమ్మూకశ్మీర్ 01తో మొదలై అండమాన్ నికోబార్ 35తో ముగిసే వరస అది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 28. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. తెలంగాణకి కొత్తగా 36 వచ్చింది, ఇక్కడి దాకా అందరిదీ ఒకటే మాట. మిగిలిన ఆంధ్రప్రదేశ్‌ని ఏం చెయ్యాలన్న దగ్గర దారులు చీలిపోయాయి.

ఎల్‌జీడీ వాళ్లు ఆంధ్రప్రదేశ్‌కి 28నే ఉంచారు. పేరు అదే, రాష్ట్రం అదే, విస్తీర్ణం తగ్గిందంతే అన్నది వాళ్ల లెక్క. పన్నుల వాళ్లు మరోలా ఆలోచించారు. 28 అంటే ఉమ్మడి రాష్ట్రం, ఆ రాష్ట్రం ఇప్పుడు లేదు కాబట్టి ఆ అంకెని అక్కడికి ముగించి తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37 ఇచ్చారు. వ్యాట్ కాలంలో మొదలైన ఈ పద్ధతే 2017 జూలై 1న జీఎస్టీలోకి వచ్చింది. 2019 అక్టోబరు 31న లద్దాఖ్ ఏర్పడే నాటికి ఎల్‌జీడీలో 37 ఖాళీగా ఉంది, లద్దాఖ్‌కి ఇచ్చారు. జీఎస్టీలో అప్పటికే నిండింది, అక్కడ లద్దాఖ్ 38 అయింది. ఎల్‌జీడీలో 38 చూడండి, దాద్రా నగర్ హవేలీ డామన్ డయ్యూ.

ప్రపంచంలో ఈ ప్రశ్నకి ఇంతకుముందూ ఇలాగే రెండు జవాబులొచ్చాయి. 2011లో దక్షిణ సూడాన్ విడిపోయినప్పుడు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ఇచ్చే దేశాల కోడ్‌లలో సూడాన్ రెండక్షరాల కోడ్ "ఎస్‌డీ" మారలేదు. మూడంకెల కోడ్ మాత్రం 736 నుంచి 729కి మారింది. ఆ అంకెలు ఐక్యరాజ్యసమితి గణాంకాల విభాగం ఇచ్చేవి, దేశం భూభాగం బాగా మారితే వాళ్లు అంకె మారుస్తారు. పేరుని గుర్తించేది ఒక కోడ్, నేలని గుర్తించేది మరో కోడ్. మన 28, 37ల మధ్య జరిగింది అచ్చంగా ఇదే.

కాబట్టి "37 అంటే ఏమిటి" అని అడిగితే జవాబుండదు. "జీఎస్టీ జాబితాలో 37 అంటే ఏమిటి" అని అడగాలి.

మీ డీలర్లలో 28తో మొదలయ్యే పాత నంబర్లేమైనా ఉన్నాయా? ఉంటే చెప్పండి, ముఖ్యం.

చేతివాటం · సోమవారం, రాత్రి 10:52

ఇంత చరిత్ర ఎందుకండీ? 40 వరసల్లోపు పని. ఎడమ పక్క జీఎస్టీ కోడ్, కుడి పక్క ఎల్‌జీడీ కోడ్ పెట్టి ఒక టేబుల్ రాసుకోండి, గంటలో అయిపోతుంది. రిజిస్ట్రీలు, స్టాండర్డులు పెద్ద పెద్ద సంస్థలకి. చిన్న ఆఫీసుకి ఆ బరువు వద్దు.

ఓరుగల్లు_కోడర్ · మంగళవారం, ఉదయం 7:35

చేతివాటం అన్నా, ఆ టేబుల్ నేను గూడ రాసిన. రాసినోడు ఉద్యోగం మారినంక ఏమైతదో నా అనుభవం చెప్త.

దేశాల లోపలి రాష్ట్రాలకు గూడ ఐఎస్ఓ కోడ్‌లు ఇస్తది, తెలంగాణకి ఆ కోడ్ మొదట "ఐఎన్-టీజీ". బండ్ల నంబరు ప్లేట్ల మీద మాత్రం 2014 నుంచి టీఎస్. మా ప్రోగ్రాంల అడ్రసులకు ఐఎస్ఓ కోడ్, ట్రక్కుల రిజిస్ట్రేషన్‌కు ప్లేట్ కోడ్. మధ్యల ఒకటి టీజీ అయితే ఇంకోటి టీఎస్ అని చిన్న మ్యాపింగ్, కోడ్ లోపలనే రాసిపెట్టినం. 2023 నవంబరుల ఐఎస్ఓ వాళ్లు టీజీని టీఎస్ చేసిన్రు. ఒడిశా ఓఆర్ నుంచి ఓడీకి, ఛత్తీస్‌గఢ్ సీటీ నుంచి సీజీకి, ఉత్తరాఖండ్ యూటీ నుంచి యూకేకి అదే విడతల మారినయి. రెండూ ఒకటైనయి గదా అని మ్యాపింగ్ తీసేసినం. నాలుగు నెలలు తిరగకముందే, 2024 మార్చిల, కొత్త బండ్లకు టీజీ అని కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. పాత బండ్లు టీఎస్ మీదనే తిరుగుతున్నయి.

అంటే రోడ్డు మీద టీఎస్, టీజీ రెండూ చెల్లుతయి, రెండూ తెలంగాణనే. అడ్రసు పట్టికల ఏది చెల్లుతదనేది ఏ తేదీ పట్టిక అనేదాని మీద ఉంటది. మా ప్రోగ్రాంల తేదీ కాలమ్ లేదు, ఏ జాబితా అని చెప్పే కాలమ్ గూడ లేదు. రెండక్షరాలే ఉన్నయి. నాలుగు వేల రికార్డులు చేత్తోటి సరిచేసినం. ఆ పదిహేను రోజులు ఇంట్లె అన్నం సరిగ తినలే.

టేబుల్ చిన్నదే అన్నా. దాని ఎనుక ఉన్నది ఎవరు మారుస్తరు, ఎప్పుడు మారుస్తరు, మనకు ఎట్ల తెలుస్తది అనే సంగతి. అది రాసిపెట్టే చోటునే రిజిస్ట్రీ అంటరు.

లక్ష్మి_మెల్బోర్న్ · మంగళవారం, ఉదయం 11:05

ఓరుగల్లు గారి చివరి మాట నాకు చాలా దగ్గరగా అనిపించింది. నేనిక్కడ ఆస్ట్రేలియాలో ఆసుపత్రుల డేటాతో పనిచేస్తాను. రోజూ ఒక మెటాడేటా రిజిస్ట్రీ తెరిచి పెట్టుకుని కూర్చుంటాను. పేరు మీటియోర్, ఇక్కడి ఆరోగ్య సంక్షేమ సంస్థ ఏఐహెచ్‌డబ్ల్యూ నడుపుతుంది. ఐఎస్ఓ 11179 అనే స్టాండర్డ్ మీద కట్టారు. ఎవరైనా ఇంటర్నెట్‌లో తెరిచి చదువుకోవచ్చు.

అందులో డేటా ఉండదు, డేటా గురించిన నిర్వచనాలుంటాయి. ప్రతి డేటా ఎలిమెంట్‌కీ ఒక పేజీ. దాని పేరులోనే మూడు ముక్కలు కనిపిస్తాయి: దేని గురించి, దానిలో ఏ లక్షణం, దాన్ని ఎలా రాస్తాం. "వ్యక్తి, పుట్టిన తేదీ, రెండంకెల రోజు రెండంకెల నెల నాలుగంకెల సంవత్సరం" అన్నట్టు. మొదటి రెండూ కలిస్తే భావన. మూడోది విలువల జాబితా, అంటే ఏ కోడ్‌లు చెల్లుతాయి, ఒక్కో కోడ్‌కి అర్థమేమిటి. ఈ రెంటినీ విడదీయడమే 11179 ప్రాణం. గోదారిగట్టు గారి సమస్యని ఆ భాషలో చెబితే భావన ఒకటే, "వ్యాపారి ఉన్న రాష్ట్రం". విలువల జాబితాలు మాత్రం రెండు. ఆయన రెండు జాబితాలని ఒకటనుకున్నారు.

పుట్టిన తేదీ అన్నాను కాబట్టి ఒక్క మాట. మా ఇళ్లలో పెద్దవాళ్లకి పుట్టిన తేదీ తెలియక బళ్లో మాస్టారు జూలై 1 అని వేసేసిన వాళ్లు ఎంతమందో. మా అమ్మమ్మదీ అంతే. ఇక్కడి రిజిస్ట్రీలో తేదీ పక్కనే ఇంకో ఎలిమెంట్ ఉంది, తేదీ ఖచ్చితత్వ సూచిక. రోజు, నెల, సంవత్సరం, ఒక్కోదానికి ఒక్కో అక్షరం: కచ్చితం, అంచనా, తెలియదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అది చూసి అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడ వయసు గురించి నిజం చెప్పగలిగే మూడక్షరాలు ఎవరో ముందే ఆలోచించి పెట్టారు.

రిజిస్ట్రీలో ప్రతిదానికీ ఒక హోదా ఉంటుంది. ప్రతిపాదనలో ఉన్నది, స్టాండర్డ్ అయినది, కొత్తది వచ్చాక పక్కకి తప్పుకున్నది. పక్కకి తప్పుకున్నదాన్ని తీసెయ్యరు. దాని పేజీ అలాగే ఉంటుంది, "దీని స్థానంలో ఇది వచ్చింది" అన్న లింకుతో. 2008 నాటి ఫైలు ఇవాళ తెరిచినా అప్పటి కోడ్‌కి అప్పటి అర్థం దొరుకుతుంది.

కొత్తబ్యాచ్ · మంగళవారం, మధ్యాహ్నం 1:15

మేడమ్, మా ప్రాజెక్టులో ప్రోగ్రాంల మధ్య మెసేజ్‌లు మోసే కాఫ్కాకి స్కీమా రిజిస్ట్రీ వాడుతున్నాం. ఇది అదేనా?

పాతకాపు_డీబీ · మంగళవారం, మధ్యాహ్నం 2:02

మంచి ప్రశ్న బాబూ. పేరు కలిసింది, పని వేరు. స్కీమా రిజిస్ట్రీ మెసేజ్ ఆకారాన్ని కాపలా కాస్తుంది. ఈ ఫీల్డు ఉందా, ఇది పూర్ణాంకమా అక్షరాలా, కొత్త వెర్షన్ వస్తే పాత మెసేజ్‌లు చదవగలమా అని చూస్తుంది. అది చాలా అవసరం, వాడుతూనే ఉండండి. కానీ జీఎస్టీ 37, ఎల్‌జీడీ 37 రెండూ రెండంకెలే కాబట్టి రెండూ ఆ గేటు దాటేస్తాయి. అర్థాన్ని కాపాడటం దాని పని కాదు. గోదారిగట్టు గారికి ఎర్రర్ రాకపోవడానికి కారణం అదే.

ఆరోగ్య రంగంలో ఎఫ్‌హెచ్ఐఆర్ అని ఒక ఫార్మాట్ ఉంది, మన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లోనూ అదే వాడుతున్నారు. అందులో కోడ్ ఎప్పుడూ ఒంటరిగా వెళ్లకుండా ఏర్పాటుంది. ఏ వ్యవస్థలోది, దాని ఏ వెర్షన్, కోడ్, మనిషి చదివే పేరు, ఇన్ని గదులు పక్కపక్కనే ఉంటాయి. మీరు ఏ రంగంలో పనిచేసినా ఈ ఒక్క అలవాటు తెచ్చుకోండి.

తెనాలి_యూనికోడ్ · మంగళవారం, సాయంత్రం 6:40

భాషల కోడ్‌ల వైపు నుంచి ఒక మాట. పాత అర్థాన్ని చెరిపేస్తే ఏమవుతుందో ఆ రంగంలో బాగా తెలిసొచ్చింది.

ఐఎస్ఓ దేశాల కోడ్‌లలో "సీఎస్" ఒకప్పుడు చెకోస్లవేకియా. ఆ దేశం విడిపోయింది. 2003లో అదే "సీఎస్"ని సెర్బియా, మాంటెనెగ్రోకి ఇచ్చారు. పాత రికార్డుల్లో ఉన్న సీఎస్ ఏ దేశమో ఇక రికార్డు చూసి చెప్పలేం. భాషల ట్యాగ్‌ల నియమాలు రాసేవాళ్లు దీంతో కలత చెందారు. 2006లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 4646 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో గట్టి నియమం పెట్టారు. ఇంటర్నెట్ నంబర్లు, కోడ్‌ల జాబితాలు చూసుకునే ఐయానా నడిపే భాషా సబ్‌ట్యాగ్ (భాష, లిపి, దేశాల పొట్టి కోడ్‌ల) రిజిస్ట్రీలో ఒకసారి ఎక్కిన కోడ్‌ని తీసెయ్యరు, దాని అర్థాన్ని ఇంకోదానికి ఇవ్వరు. వద్దనుకుంటే "వాడకండి" అని గుర్తు పెట్టి, బదులు ఏది వాడాలో పక్కన రాస్తారు.

ఆ రిజిస్ట్రీ ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. మన తెలుగుకి అందులో నాలుగైదు వరసలు: రకం భాష, సబ్‌ట్యాగ్ "టీఈ", వర్ణన తెలుగు, చేర్చిన తేదీ 2005 అక్టోబరు 16. ఇంకో వరస ఉంటుంది, తెలుగు మామూలుగా తెలుగు లిపిలోనే రాస్తారు కాబట్టి లిపి కోడ్ విడిగా రాయక్కర్లేదని. మీ ఫోను, బ్రౌజరు తెలుగుని గుర్తుపట్టేది ఇలాంటి జాబితాలతోనే.

జాబితా మారినా ప్రోగ్రాం వెంటనే మారదు, అదీ గుర్తుంచుకోవాలి. హీబ్రూకి "ఐడబ్ల్యూ" పోయి "హెచ్ఈ" వచ్చింది 1989లో. జావా ప్రోగ్రామింగ్ భాష తన లోపలి డిఫాల్టుని మార్చుకున్నది జేడీకే 17 అనే వెర్షన్‌లో, అంటే 2021లో. టైమ్‌జోన్ల జాబితా "ఏషియా/కోల్‌కతా" అని ఎప్పుడో మారినా క్రోమ్ బ్రౌజరు చాలాకాలం "ఏషియా/కలకత్తా" అనే జవాబిచ్చేది, ఎందుకంటే అది వాడే యూనికోడ్ వాళ్ల భాషలు, ప్రాంతాల సమాచార భండారం సీఎల్‌డీఆర్‌లో స్థిరత్వం కోసం పాత పేరునే ప్రధాన గుర్తింపుగా ఉంచారు. మీరు స్ట్రింగ్, అంటే ఉత్త అక్షరాల వరస, పోల్చి "కోల్‌కతా కాకపోతే ఇండియా కాదు" అని రాస్తే హైదరాబాద్‌లో కూర్చున్న మనిషి విదేశీయుడైపోతాడు. రిజిస్ట్రీలో ఈ రెండు పేర్లూ ఒకటేనని రాసే ఉంది. అది చదవకుండా స్ట్రింగ్ పోల్చడం మన తప్పు.

మన్యం_మ్యాపులు · మంగళవారం, రాత్రి 9:50

నేను మ్యాపుల మీద పనిచేస్తాను. ఊరి కోడ్‌ల గురించి చెప్పాలని ఉంది.

2011 జనగణనలో ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఆరంకెల కోడ్ ఇచ్చారు, దేశమంతటికీ ఒకే వరస. ఆ కోడ్‌లో జిల్లా నంబరు గానీ రాష్ట్రం నంబరు గానీ ఇమిడి ఉండవు. ఈ చిన్న నిర్ణయం విలువ నాకు 2014లో తెలిసింది. పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లా నుంచి కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసాయి. ఆ ఊళ్లకి రాష్ట్రం మారింది, జిల్లా మారింది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు చాలావాటికి జిల్లా మళ్లీ మారింది. ఊరి ఆరంకెలు మాత్రం మారలేదు.

కొంతమంది రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు నంబర్లన్నీ గుదిగుచ్చి రికార్డుని గుర్తుపట్టే ఒక పొడుగాటి కీ తయారుచేసుకుంటారు. చూడటానికి బాగుంటుంది. గిరిజన గూడేల్లో తాగునీటి బోర్ల సర్వే అలాంటి కీతోనే చేశారు ఒక చోట. జిల్లాలు మారాక పాత సర్వే, కొత్త సర్వే కలపబోతే ఆ మండలాల గూడేలన్నీ రాలిపోయాయి. పాతదాంట్లో బోరు చెడిపోయిందని నమోదైన గూడెం కొత్తదాంట్లో మొదటిసారి కనిపించే ఊరైపోయింది. ఫిర్యాదు వయసు సున్నాకి వచ్చేసింది. నీళ్ల కోసం రెండేళ్లుగా అడుగుతున్న వాళ్ల దగ్గరికి వెళ్లి "మీ అర్జీ ఇప్పుడే వచ్చింది" అని ఎలా చెబుతాం? నాకు ఈ విషయం మీద ఇంత పట్టుదల ఎందుకంటే ఇదే కారణం.

తెలంగాణలోనూ 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేటతో 33. ఊరికి ఊరి కోడ్ ఉంచండి. అది ఏ మండలంలో, ఏ జిల్లాలో ఉందన్నది తేదీలతో సహా వేరే టేబుల్లో రాయండి.

చేతివాటం · మంగళవారం, రాత్రి 10:30

మన్యం గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. 40 వరసల టేబుల్ చాలన్నది రాష్ట్రాల వరకే చూసి అన్నాను, తేదీ సంగతి తట్టలేదు. కానీ నా అసలు సందేహం అలాగే ఉంది. ముగ్గురున్న ఆఫీసు 11179 అంతా అమలు చెయ్యాలా? ఆ స్టాండర్డ్ భాగాలు చదవడానికే నెల పడుతుంది.

లక్ష్మి_మెల్బోర్న్ · బుధవారం, ఉదయం 6:20

అక్కర్లేదండీ. రిజిస్ట్రీ నడపడం వేరు, రిజిస్ట్రీని వాడుకోవడం వేరు. చిన్న ఆఫీసు చెయ్యాల్సింది రెండోదే. మా దగ్గరా ఆసుపత్రికి సాఫ్ట్‌వేర్ రాసే చిన్న కంపెనీలు మీటియోర్ లాంటిది కట్టుకోవు. దానిలో ఉన్న జాబితా తెచ్చుకుంటాయి, ఏ రోజు తెచ్చుకున్నాయో రాసుకుంటాయి, ఫారంలో డ్రాప్‌డౌన్, సర్వర్లో వ్యాలిడేషన్, రిపోర్టులో పేరు, మూడూ ఆ ఒక్క ఫైలు నుంచే తయారయ్యేలా చూసుకుంటాయి. ముగ్గురు మనుషులు మూడు చోట్ల చేత్తో టైపు చేసిన జాబితాలు ఎప్పటికీ కలవవు.

ఇండియాలో ఆ పునాది ఉంది కూడా. కేంద్ర ఐటీ శాఖ ఎండీడీఎస్ అనే పేరుతో 2011లోనే వ్యక్తి గుర్తింపు, భూప్రాంతాల కోడ్‌ల మీద ప్రమాణాలు ప్రచురించింది. పేరు ఎలా రాయాలి, ఎన్ని అక్షరాలు, రాష్ట్రం నుంచి గ్రామం దాకా కోడ్‌లెలా ఉండాలి, అన్నీ అందులో ఉన్నాయి. చదివినవాళ్లు తక్కువ. దయచేసి ఒకసారి తిరగెయ్యండి.

గోదారిగట్టు · బుధవారం, రాత్రి 8:15

పాతకాపు గారు మొదటి రోజే అడిగిన 28 సంగతి ఇవాళ చూశాను. ఉన్నాయండీ. పాత వ్యాట్ కాలం నాటి పదకొండంకెల టిన్ నంబర్లు (పన్ను రిజిస్ట్రేషన్ నంబర్లు) ఉన్న డీలర్లు 212 మంది, అన్నీ 28తో మొదలవుతాయి. ఎల్‌జీడీలో 28 అంటే ఇప్పటి ఆంధ్రప్రదేశ్ కాబట్టి నా జాయిన్‌లో వాళ్లంతా ఆంధ్రా కింద పడ్డారు. అందులో హనుమకొండ, నల్గొండ, ఖమ్మం డీలర్లు ఉన్నారు. లద్దాఖ్ కంటికి కనిపించింది కాబట్టి పట్టుకున్నాను. ఇది అడక్కపోతే ఎప్పటికీ తెలిసేది కాదు, రిపోర్టు చూడటానికి సరిగ్గానే ఉంది.

పాతకాపు_డీబీ · బుధవారం, రాత్రి 8:50

అందుకే అడిగాను. మ్యాపింగ్ టేబుల్లో జీఎస్టీ 37కి ఎల్‌జీడీ 28, జీఎస్టీ 36కి 36, జీఎస్టీ 38కి 37, ఇవి ఒకటికి ఒకటి. పన్నుల 28కి మాత్రం ఎల్‌జీడీ వైపు రెండు జవాబులు, 28 లేదా 36. అక్కడ ప్రోగ్రాం ఊహించకూడదు. అడ్రసు చూసి మనిషి తేల్చాలి, తేలనివి "తేలలేదు" అనే ఉండాలి. లక్ష్మి గారు చెప్పిన అమ్మమ్మ గారి పుట్టిన తేదీ లాగే.

ఇంకోటి, కోడ్‌లని అంకెలుగా దాచకండి, అక్షరాలుగా దాచండి. ఎక్సెల్ 01ని 1 చేసేస్తుంది.

గోదారిగట్టు · శుక్రవారం, సాయంత్రం 5:40

రిపోర్టు ఇచ్చేశానండీ. ఏం చేశానో రాస్తున్నాను, ఇంకెవరికైనా పనికొస్తుందని.

"స్టేట్ కోడ్" అనే కాలమ్ మా డేటాబేసులో ఇక లేదు. దాని బదులు "జీఎస్టీ స్టేట్ కోడ్", "ఎల్‌జీడీ స్టేట్ కోడ్" విడివిడిగా ఉన్నాయి. కోడ్‌ల జాబితాలన్నీ ఒకే టేబుల్లో పెట్టాను: ఏ జాబితా, కోడ్, పేరు, ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు, మేము దింపుకున్న తేదీ. మ్యాపింగ్ టేబుల్ విడిగా ఉంది, దానికీ తేదీలున్నాయి. నెలకోసారి ఎల్‌జీడీ కొత్త ఫైలు దింపి పాతదాంతో పోల్చే చిన్న స్క్రిప్టు రాశాను. మార్పుంటే నాకు మెయిల్ వస్తుంది, తనంతట తాను మార్చదు. ఊళ్లకి ఆరంకెల కోడ్ ఒక్కటే కీ, మన్యం గారు చెప్పినట్టు.

212 మందిలో 171 మందిని అడ్రసు చూసి తేల్చాం. మా ఆఫీసులో ఉన్న సత్యవతి అక్క రెండు రోజులు ఫోన్లు చేసి ఇంకో 29 మందిని తేల్చింది. మిగిలిన 12 మంది రిపోర్టులో "రాష్ట్రం తేలలేదు" అన్న వరస కింద ఉన్నారు. క్లయింటు ఆ వరస ఎందుకని అడిగారు. 2014 సంగతి చెప్పాను. కాసేపు ఆగి, వాళ్లలో ఇద్దరు తమకి తెలుసని, ఒకరిది మధిర, ఒకరిది నందిగామ అని చెప్పారు. ఇక పది మంది.

ఓరుగల్లు_కోడర్ · శుక్రవారం, రాత్రి 7:05

ఆ పది మంది ఊర్ల పేర్లు, మనుషుల పేర్లు లేకుంట, ఇక్కడ పెట్టు అన్నా. ఖమ్మం, వరంగల్ దిక్కు ఊర్లయితే నాకు ఎరుక ఉంటయి, చూసి చెప్త.